సోషియాలజీ పక్కన స్పానిష్

2001 జులైలో బొలీవియా ప్రభుత్వం కొలువుండే లాపాజ్ నగరంలో కొందరు బాకీదారులు డైనమైట్ చేతబట్టుకుని బ్యాంకుల నియంత్రణ సంస్థ కార్యాలయంలోకి చొరబడ్డారు. అక్కడి సిబ్బందిని నిర్బంధించి, తమ అప్పులు మాఫీ చేయమన్నారు. ఆ బాకీలు లక్షల్లో ఉన్నవి కావు. వీధి పక్కన సరుకులు పెట్టుకుని అమ్ముకునేవాళ్లు సూక్ష్మరుణ సంస్థల దగ్గర తీసుకున్న చిన్న చిన్న మొత్తాలవి. ఒకచోట వాయిదా కట్టడానికి రెండో చోట, అది తీర్చడానికి మూడో చోట అప్పు చేస్తూ పోయారు. గ్రూపులో ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలన్న పూచీ వల్ల ఇరుగుపొరుగు మధ్య మాటలు ఆగిపోయాయి. తెలుగు పాఠకులకు ఇందులో ఒక్క వివరమూ కొత్తది కాదు. 2006లో కృష్ణా జిల్లా అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలకు తాళాలు వేయించారు. 2010 అక్టోబరులో, ఆత్మహత్యల వార్తల నడుమ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకంగా ఆర్డినెన్స్ తెచ్చింది. పేద ఆడవాళ్ల వారం వారం వాయిదాల మీద నిలబడ్డ వ్యాపారం స్టాక్ మార్కెట్‌కెక్కడం కూడా రెండు ఖండాల్లోనూ జరిగింది: మెక్సికోలో కంపార్తామోస్ 2007లో షేర్లు అమ్మితే, హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన ఎస్‌కేఎస్ 2010లో అమ్మింది.

ఈ రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టి చదవాలనుకునే డిగ్రీ విద్యార్థికి ఆంగ్లంలో ఎలిజబెత్ రైన్ 2001లో ప్రచురించిన పుస్తకం దొరుకుతుంది. బొలీవియాలో సూక్ష్మరుణం ఎలా పుట్టి ఎలా పెరిగిందో ఓపికగా చెప్పిన పుస్తకమది. అయితే రైన్ ఆ రంగంలోనే పనిచేసిన మనిషి కాబట్టి, అది అప్పిచ్చినవాళ్ల వైపు నుంచి చూసిన చరిత్ర. ఆ వ్యాపారాన్నే నిలదీస్తూ గ్రాసియెలా తోరో 2010లో మరో పుస్తకం రాశారు. 'పేదరికం, ఓ పెద్ద వ్యాపారం' అని దాని పేరుకు అర్థం. లాపాజ్‌లోని ముహెరెస్ క్రెయాందో అనే స్త్రీవాద బృందం దాన్ని అచ్చువేసింది. అది స్పానిష్ పుస్తకం. సరే, స్పానిష్ వచ్చింది, పుస్తకం చదివేశాం అనుకుందాం. అప్పుడైనా ఆ ఆడవాళ్లంతా అసలు వీధిలోకి ఎందుకొచ్చారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. 1985 ఆగస్టులో బొలీవియా ప్రభుత్వం 21060 నంబరు డిక్రీతో ఆర్థిక వ్యవస్థను ఒక్కసారిగా మార్కెట్‌కు వదిలేసింది. అదే ఏడాది తగరం ధర కుప్పకూలింది. ప్రభుత్వ గనుల్లో 20 వేల మందికి పైగా పనులు పోయాయి. ఆ కుటుంబాల్లో చాలా మంది లాపాజ్ ఎగువనున్న ఎల్ ఆల్తోకు చేరారు. గని జీతం పోయిన ఇంట్లో ఆడమనిషి సంపాదనే ఆధారమైంది, దానికి పెట్టుబడిగా సూక్ష్మరుణం వచ్చింది. పూర్తిగా సూక్ష్మరుణాల కోసమే పుట్టిన వాణిజ్య బ్యాంకు బాంకోసోల్ 1992లో మొదలైంది బొలీవియాలోనే. గని మూతకూ గ్రూపు పూచీకీ మధ్య ఉన్న ఈ లంకెను పట్టుకోవడం నేర్పేది సమాజశాస్త్రం.

నా వాదన ఇదే. సమాజశాస్త్రాన్నీ స్పానిష్ భాషాసంస్కృతులనూ ఒకే విద్యార్థి, ఒకే డిగ్రీలో, ఒకదానికొకటి ఆసరాగా చదవాలి. ఇప్పుడు మన దగ్గర ఈ రెండూ వేర్వేరు దారుల్లో నడుస్తున్నాయి. సోషియాలజీ అంటే సివిల్స్ ఆప్షనల్ అన్న పేరు పడిపోయింది. సిలబస్‌లో డర్క్‌హైమ్, వెబర్, మార్క్స్ ఆంగ్లం గుండా వస్తారు, తర్వాత ఘుర్యే, శ్రీనివాస్, దూబే వస్తారు. మనలాగే వలసపాలన చూసి, మనలాగే భూమి కోసం కొట్లాడి, మనలాగే ఊరు వదిలి నగరాల అంచుల్లో గుడిసెలు వేసుకున్న లాటిన్ అమెరికాకు దక్కేది ఏ పేరాలోనో ఒక వాక్యం. స్పానిష్ సంగతికొస్తే, అది సర్టిఫికెట్ కోర్సుగా, డెలే పరీక్షలో ఏ1, బి2 స్థాయిలుగా, విదేశీ కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగానికి అర్హతగా కనిపిస్తోంది. దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష, 20 దేశాల్లో అధికార భాష అయిన ఒక పెద్ద భాషను ఫోను సంభాషణకు కుదించి నేర్పడం విద్యార్థికి చేసే అన్యాయమే.

ఆంగ్లంలో అన్నీ వస్తాయి కదా అనేవాళ్లు కొన్ని తేదీలు చూడాలి. పెరూ ఆలోచనాపరుడు హోసే కార్లోస్ మరియాతెగి తన ఏడు వ్యాసాల పుస్తకాన్ని 1928లో అచ్చువేశాడు. ఆదివాసుల బాధకు మూలం వాళ్ల జాతిలోనో చదువులేమిలోనో లేదని, భూమి ఎవరి చేతిలో ఉందన్న దాంట్లో ఉందని అందులో వాదించాడు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటం గురించి చదివినవాళ్లకు ఆ వాదన ఎంత దగ్గరిదో చెప్పనక్కర్లేదు. దాని ఆంగ్లానువాదం 1971లో వచ్చింది. నలభై మూడేళ్లు! ఫెర్నాండో ఎన్రిక్ కార్డోసో, ఎంసో ఫలెట్టో కలిసి సాంటియాగోలో రాసిన పరాధీనత సిద్ధాంత గ్రంథం 1969లో స్పానిష్‌లో, 1979లో ఆంగ్లంలో వెలువడింది. ఆ పదేళ్లలో ఆంగ్ల పాఠకులకు పరాధీనత సిద్ధాంతమంటే ప్రధానంగా 1967లో ఆండ్రే గుండర్ ఫ్రాంక్ ఆంగ్లంలో రాసిన పుస్తకమే. ఒక్కో దేశంలో వర్గాల పొత్తులు, రాజ్యం, బయటి పెట్టుబడి ఎలా కలిశాయో విడివిడిగా చూపిన కార్డోసో, ఫలెట్టోల విశ్లేషణ పక్కకు పోయి, సంపన్న దేశాలు పేద దేశాలను పీలుస్తాయన్న ఒక్క సూత్రం మిగిలింది. తమ ఆలోచన అమెరికాలో ఎలా వాడకంలోకి వచ్చి ఎలా మారిపోయిందో వివరిస్తూ కార్డోసో స్వయంగా 1977లో ఒక వ్యాసం రాయాల్సి వచ్చింది. ఇందులో అనువాదకుల తప్పేమీ లేదు. ఏది, ఎప్పుడు, ఏ క్రమంలో ఆంగ్లంలోకి రావాలన్నది మన అవసరాన్ని బట్టి జరగదు, అంతే.

భాష అక్కర్లేదు, సమాజశాస్త్రం చాలు అనుకుంటే ఏమవుతుందో 1965 జూన్‌లో లిమా నగరంలో జరిగిన ఒక చర్చ చూపిస్తుంది. హోసే మరియా అర్గేదాస్ నవలాకారుడు, మానవశాస్త్రవేత్త కూడా. బాల్యంలో క్వెచువా మాట్లాడే పనివాళ్ల మధ్య పెరిగి, పెద్దయ్యాక ఆ భాష నడకను స్పానిష్ వాక్యంలోకి తెచ్చిన రచయిత. 1964లో ఆయన 'అన్ని నెత్తుర్లు' అనే అర్థమొచ్చే పేరుతో పెద్ద నవల రాశారు. ఆండీస్ పల్లె, భూస్వాములైన ఇద్దరు అన్నదమ్ములు, గనిని మింగడానికొచ్చిన విదేశీ కంపెనీ, లిమా చూసి తిరిగొచ్చి ఊరివాళ్లను కూడగట్టే రెందోన్ విల్కా అనే ఆదివాసీ నాయకుడు ఇందులో ఉంటారు. ఆ నవల మీద లిమాలోని పెరూ అధ్యయన సంస్థ ఒక గోష్ఠి పెట్టింది. అక్కడ కూర్చున్న సమాజశాస్త్రవేత్తలు, విమర్శకులు నవలను ఒక నివేదికలా చదివారు. పెరూ సమాజం ఇప్పుడిలా లేదన్నారు. పల్లెల్లో 'ఇండియన్' అనే మనిషి కరిగిపోయి దోపిడీకి గురయ్యే రైతు మిగిలాడన్నారు. అలా విమర్శించినవారిలో అప్పటికి యువకుడైన అనిబల్ కిహానో ఒకరు. అర్గేదాస్‌ను అది లోతుగా గాయపరిచింది. తన బతుకంతా వృథాయేనా అన్న వేదనతో ఆ రాత్రే ఆయన రాసుకున్నారు. ఆ గోష్ఠి పాఠాన్ని అదే సంస్థ 1985లో ప్రచురించింది కాబట్టి ఎవరేమన్నారో ఇవాళ చదువుకోవచ్చు.

నేను ఈ గోష్ఠి దగ్గర ఎక్కువసేపు ఆగడానికి కారణముంది. ఆ విమర్శకులు పెద్ద పండితులు, పేదల పక్షం నిలిచినవారే. వాళ్ల లెక్క ప్రకారం రైతు, కూలీ, పెట్టుబడిదారు అనే వర్గాలతో పల్లె మొత్తం అర్థమైపోతుంది. నవల చెబుతున్నది ఆ లెక్కకు అందని సంగతి: ఊరివాళ్లు కొండను దైవమన్నా, ఉమ్మడిగా చాకిరీ చేసినా, క్వెచువాలో పాడినా అది పోబోతున్న పాతకాలపు మిగులు కాదు, వాళ్ల రాజకీయం అందులోనే ఉంది. తర్వాతి దశాబ్దాల్లో ఆండీస్ దేశాల్లో ఆదివాసీ ఉద్యమాలు ఆదివాసులుగానే లేచి నిలబడ్డాయి. 1992 వ్యాసంలో కిహానోనే వలసపాలన పోయినా దాని జాతి వర్గీకరణ, జ్ఞానం మీద దాని పెత్తనం మిగిలే ఉంటాయన్న భావనను ముందుకు తెచ్చారు. ప్రపంచమంతా ఇప్పుడు చదివే ఆ సిద్ధాంతం, నా దృష్టిలో, అర్గేదాస్ నవల అడిగిన ప్రశ్నకు ఆలస్యంగా దగ్గరైన జవాబు. నవల చదవడం వచ్చిన సమాజశాస్త్రవేత్తకు, అంటే ఒక వాక్యం ఎందుకు అలా వంకరపోయిందో వినగలిగిన పాఠకుడికి, ఆ ప్రశ్న ముందే వినబడుతుంది. భాషాసంస్కృతుల చదువు డిగ్రీలో అలంకారం కాదని నేననేది ఇందుకే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది, దాన్ని దాచడం సరికాదు. అమెరికా మానవశాస్త్రవేత్త ఆస్కార్ లూయిస్‌కు స్పానిష్ బాగా వచ్చు. మెక్సికో నగరంలోని ఒక పేద కుటుంబం మాటలను టేపు రికార్డరులో ఎక్కించి, 1961లో 'సాంచెజ్ పిల్లలు' అని పుస్తకం చేశాడు. అంతకు ముందు ఢిల్లీ దగ్గరి ఒక పల్లెనూ అధ్యయనం చేసినవాడు. ఆ కుటుంబ సభ్యుల గొంతులు ఇప్పటికీ వాడిపోలేదు. కానీ ఆయన వాటి పైన తగిలించిన 'పేదరిక సంస్కృతి' అన్న సూత్రం ఆ గొంతుల్ని వదిలేసి అమెరికా విధాన చర్చల్లోకి వెళ్లింది. పేదలు తమ అలవాట్ల వల్లే పేదలుగా ఉంటున్నారన్న నిందకు అది పనికొచ్చింది. మెక్సికోలో ఇంకో రకం గొడవ. 1964లో స్పానిష్ ప్రచురణ రాగానే, దేశం పరువు తీశారంటూ అక్కడి భూగోళ, గణాంక సంఘం ఫిర్యాదు చేసింది. కేసు నిలవలేదు గానీ, పుస్తకం వేసిన ప్రభుత్వ ప్రచురణ సంస్థ డైరెక్టరు అర్నాల్దో ఓర్ఫిలా పదవి పోయింది. ఆయన సిగ్లో 21 అనే కొత్త ప్రచురణ సంస్థ పెట్టారు. కార్డోసో, ఫలెట్టోల పుస్తకాన్ని 1969లో అచ్చువేసింది ఆ సంస్థే. లూయిస్‌కు చెవి ఉంది, కానీ విన్నదాన్ని ఏ చట్రంలో పెట్టాలన్న దగ్గర దెబ్బతిన్నాడు. కాబట్టి భాషతోనే అంతా అయిపోతుందని నేననను.

యంత్రం అనువదించేస్తుంటే ఇంకా భాష నేర్చుకోవడమెందుకన్నది ఈ రోజు ప్రతి ఇంట్లో వినబడే ప్రశ్న. స్పానిష్ నుంచి యంత్రానువాదం బాగానే ఉంటోంది, ఒప్పుకోవాలి. పత్రికా వార్తకో, ప్రభుత్వ ఉత్తర్వుకో అది చాలు. కానీ ఒక పెరూ విద్యార్థిని మన శామీర్‌పేట గురించి తెలుసుకోవాలనుకుందని ఊహించండి. ఉస్మానియాలో పనిచేస్తున్న కాలంలో శ్యామాచరణ్ దూబే ఆ ఊరిని అధ్యయనం చేసి 1955లో ఆంగ్లంలో రాసిన పుస్తకం ఆమెకు దొరుకుతుంది, యంత్రం దాన్ని క్షణాల్లో స్పానిష్ చేసి ఇస్తుంది. ఆ ఊళ్లో ఎవరు ఎవరిని ఎలా పిలిచేవారో, ఏ మాటకు ఎవరు తల దించుకునేవారో, దూబే ఏది అడగలేదో ఆమెకు తెలిసే దారి లేదు. తెలుగు వస్తే ఊరికి వెళ్లి అడగగలదు. లాటిన్ అమెరికా విషయంలో మనమూ ఆ విద్యార్థిని స్థానంలోనే ఉన్నాం. ఇంకో సంగతి: ఏ పుస్తకాన్ని అనువదించమని యంత్రానికి ఇవ్వాలో తెలియాలంటే అక్కడి చర్చల్లో ఎవరు ఎవరితో తలపడుతున్నారో ముందే తెలిసుండాలి. ఆ చర్చలు చదవడానికి డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. బ్రెజిల్‌లో మొదలైన సైఎలో, మెక్సికోలో 2003లో మొదలైన రెడాలిక్, 1967 నుంచి నడుస్తున్న క్లాక్సో సంస్థ గ్రంథాలయం వేలాది వ్యాసాలనూ పుస్తకాలనూ ఉచితంగా అందిస్తున్నాయి. ఆంగ్ల జర్నళ్లకు చందా కట్టలేని జిల్లా కాలేజీ విద్యార్థికి ఇంత పెద్ద తలుపు మరెక్కడా తెరిచి లేదు.

ఉద్యోగం మాటేమిటని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాలి కూడా. ఈ జంట చదువు సాఫ్ట్‌వేర్ జీతం తెస్తుందని చెబితే అబద్ధమవుతుంది. కానీ ఇప్పుడు మన రాష్ట్రాలు నడుపుతున్న పథకాలను చూడండి. మెక్సికో 1997లో ప్రొగ్రెసా పేరుతో, పిల్లలు బడికి వెళ్లాలి, ఆరోగ్య పరీక్షలకు రావాలి అన్న షరతుల మీద తల్లుల చేతికి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. పేర్లు మారుతూ 2019 దాకా ఆ పథకం నడిచింది. 75 శాతం హాజరు షరతుతో తల్లుల ఖాతాలో ఏడాదికి 15 వేల రూపాయలు వేసిన అమ్మ ఒడి పథకం ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైంది. షరతులు నెరవేర్చే చాకిరీ అంతా తల్లి మీదే పడుతుందా, ఇంట్లో ఆమె మాటకు విలువ పెరుగుతుందా అన్నవి మెక్సికోలో పరిశోధకులు ఇంటింటికీ తిరిగి తేల్చుకున్న ప్రశ్నలు. అక్కడి సియెసాస్ అనే సామాజిక పరిశోధనా సంస్థ వాళ్లు చేసిన గుణాత్మక మూల్యాంకనాలు ఇక్కడి పథక రచయితల బల్లల మీద ఉండాల్సినవి. వాటిని చదివి, మన జిల్లాకు ఏది వర్తిస్తుందో చెప్పగల మనిషి ప్రభుత్వానికీ, స్వచ్ఛంద సంస్థలకూ, పరిశోధనా కేంద్రాలకూ కావాలి.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకైతే అవసరం మరీ దగ్గరిది. అక్కడి బడుల్లో ఎక్కువ మంది నేర్చుకునే విదేశీ భాష స్పానిషే. టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో ఈ పిల్లలు దాన్ని మార్కుల కోసం రెండు మూడేళ్లు చదివి వదిలేస్తారు. 2020 జనగణనలో అమెరికాలో హిస్పానిక్ జనాభా 6.2 కోట్లు. ఇంటింటి జనగణన ఫారంలో హిస్పానిక్ మూలం ప్రశ్న అందరికీ వేసింది 1980లో. 'ఏషియన్ ఇండియన్' అన్న గడి చేరిందీ అదే 1980లో. రెండు సముదాయాల నాయకులూ తమను లెక్కించమని ఒత్తిడి తెచ్చారు. మెక్సికో, క్యూబా, పోర్టోరికో మనుషులను ఒకే పేరు కింద కట్టగట్టినట్టే తెలుగు, గుజరాతీ, పంజాబీ వాళ్లనూ ఒక గడిలో వేశారు. 2024లో అమెరికా ప్రభుత్వం జాతి, హిస్పానిక్ మూలం ప్రశ్నలను ఒక్కటిగా కలపాలని నిర్ణయించింది. ఈ చరిత్రను కాలేజీలో చదివిన తెలుగమ్మాయికి పక్కింటి మెక్సికో కుటుంబం, తన కుటుంబం ఒకే లెక్కలో ఎలా ఇరుక్కున్నాయో అర్థమవుతుంది.

వీటన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. ఇక్కడి సమాజశాస్త్ర విద్యార్థికి గోండి రాదు, కోయ రాదు, పాతబస్తీలో మాట్లాడేంత ఉర్దూ రాదు. ఇవన్నీ వదిలి సముద్రాల అవతలి భాషా? పైగా స్పానిష్ కూడా క్వెచువా, ఐమారా, మపుచే ప్రజల నెత్తిన రుద్దిన సామ్రాజ్య భాషే కదా? రెండు మాటలూ నిజం. ఉట్నూరులో పరిశోధన చేసేవాళ్లు ముందు గోండి నేర్చుకోవాలి, అందులో రాజీ లేదు. అయితే గోండికి ఏం కావాలో ఆలోచించడానికి ఆండీస్ అనుభవం పనికొస్తుంది. పెరూ 1975లో క్వెచువాను అధికార భాషగా ప్రకటించింది. బొలీవియా 2009 రాజ్యాంగం స్పానిష్‌తో పాటు 36 ఆదివాసీ భాషలకు ఆ హోదా ఇచ్చింది. ప్రకటనకూ బడిగదికీ మధ్య ఎంత దూరముందో, టీచర్లు లేని భాషా విధానం ఎలా కాగితాల్లో మిగులుతుందో అక్కడి పరిశోధకులు రాశారు, చాలావరకు స్పానిష్‌లో. గోండి ఇంకా ఎనిమిదో షెడ్యూలులోకే ఎక్కలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామీ, సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో మొదలైన ప్రాథమిక విద్యా ప్రయత్నాన్ని అంచనా వేయాలంటే ఆ రాతలు మనకు కావాలి. సామ్రాజ్య భాష సంగతి చెప్పాలంటే, దాన్ని అత్యంత కఠినంగా ప్రశ్నించినవాళ్లు రాసింది కూడా ఆ భాషలోనే. ఐమారా మూలాలున్న సమాజశాస్త్రవేత్త సిల్వియా రివేరా కుసికాంకి 1983లో మిత్రులతో కలిసి ఆండీస్ మౌఖిక చరిత్ర బృందాన్ని నెలకొల్పి, పల్లె పెద్దల జ్ఞాపకాల నుంచి చరిత్ర తిరగరాశారు. 1997లో ఆమె, రొసానా బర్రగాన్ కలిసి మన దేశపు సబాల్టర్న్ చరిత్రకారుల వ్యాసాలను స్పానిష్‌లోకి తెచ్చి లాపాజ్‌లో ప్రచురించారు. వాళ్లు మనల్ని చదివారు. మన విశ్వవిద్యాలయాల్లో వాళ్లను వాళ్ల భాషలో చదివే సోషియాలజీ తరగతి ఒక్కటైనా ఉండాలని అడగడం పెద్ద కోరిక కాదు.

హైదరాబాద్‌లో ఇందుకు కావాల్సినవి చాలావరకు ఉన్నాయి. ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో స్పానిష్ బి.ఎ. ఉంది. దాన్ని ఆనుకునే ఉస్మానియా ఉంది, అందులో సమాజశాస్త్ర విభాగం ఉంది. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో మరో సమాజశాస్త్ర విభాగం ఉంది. ఒక సంస్థలో చదివిన క్రెడిట్లను మరో సంస్థలో లెక్కించే వీలును 2020 జాతీయ విద్యా విధానం కల్పించింది. లేనిది ఉమ్మడి టైంటేబుల్, రెండు విభాగాల అధ్యాపకులు కలిసి బోధించే రెండు మూడు పేపర్లు. మొదటి రెండేళ్లు భాషకు గట్టి పునాది, మూడో ఏడాది స్పానిష్ మూలంలోనే మరియాతెగినీ లిమా గోష్ఠినీ చదివే ఒక సెమినార్, నాలుగో ఏడాది పరిశోధనకు మన ప్రాంతపు అంశం, దానికి తోడు ఒక లాటిన్ అమెరికా ప్రాంతపు అంశం. ఆసిఫాబాద్ గిరిజన బడుల గురించీ కుస్కో క్వెచువా బడుల గురించీ ఒకే వ్యాసంలో రాయాలనుకునే విద్యార్థికి గైడ్లుగా ఇద్దరు కావాలి, ఒక్కో విభాగం నుంచి ఒకరు. ఆ అనుమతి ఇవ్వడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు, రెండు అకడమిక్ కౌన్సిళ్లు ఒక తీర్మానం చేస్తే వచ్చే విద్యా సంవత్సరమే మొదలుపెట్టొచ్చు.